ఇంజన్ దించి ఎక్కించాక కారు స్టార్ట్ కాలేదు: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొచ్చింది

ఇంజన్ దించి మళ్లీ ఎక్కించాక కారు స్టార్ట్ కాకపోతే చాలామందికి ముందు ఫ్యూయల్ పంపు మీదే అనుమానం. మా మెకానిక్ కూడా కొత్తది వేసేద్దామన్నాడు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఇంజన్ దించేదాకా శుభ్రంగా పనిచేసిన పంపు సరిగ్గా ఇప్పుడే ఎందుకు పోతుందనిపించి, ఫోన్‌కి కనెక్ట్ అయ్యి కారు కంప్యూటర్లోని లోపం కోడ్లు, రీడింగులు చదివే ఈఎల్ఎమ్327 రకం చిన్న ఓబీడీ స్కానర్ తెప్పించి, డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో పెట్టాను.

దీనికి మంచి మార్కులు వేసేది లైవ్ డేటాకే, అంటే రీడింగులు అప్పటికప్పుడు ఫోన్‌లో కనిపించడానికే. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. మామూలుగా 200 అటూ ఇటూగా ఏదో ఒక అంకె కదలాలి, మా బండిలో సున్నా దగ్గరే ఉండిపోయింది. అంటే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ ఈసీఎంకి (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) చేరడం లేదు, అది చేరకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవు, స్పార్క్ రాదు, ఎన్ని పంపులు మార్చినా అంతే! తర్వాత క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని చెప్పే పీ0335 కోడ్ కూడా పడింది. అలాగని వెంటనే సెన్సార్ కొనేయకండి, ఆ కోడ్ చెప్పేది సెన్సార్, దాని వైరింగ్ కలిపి మొత్తం సర్క్యూట్ గురించి. మాకు సెన్సార్ బాగానే ఉంది, దాని వైరే ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇరుక్కుని తెగింది. పంపు ఖర్చు మొత్తం తప్పింది.

ఇది పట్టుకోలేనివీ ఉన్నాయి. ఎర్త్ వైరు బిగించడం మర్చిపోతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, దానికి మల్టీమీటరే దిక్కు: ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి, అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. టైమింగ్ బెల్టు లేదా చైను ఒక పన్ను తప్పితే, క్రాంక్, క్యామ్ షాఫ్టులకు పొంతన లేదని చెప్పే పీ0016 కోడ్ పడొచ్చు, పడకపోనూవచ్చు, కోడ్ లేదని టైమింగ్ బాగుందనుకోవద్దు. బ్యాటరీ దిగిపోయి ఉంటే సెల్ఫ్ కొట్టగానే స్కానర్ డిస్కనెక్ట్ అవుతుంది, అప్పుడు కనిపించే సున్నాని నమ్మొద్దు, ముందు బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసుకోండి.

కొనేవాళ్లకి ఒక మాట: పాత రకం బ్లూటూత్ మోడళ్లు ఆండ్రాయిడ్‌తో బాగానే పనిచేస్తాయి, ఐఫోన్ అయితే వైఫై లేదా బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బ్లూటూత్) ఉన్నదే చూసి తీసుకోండి.