పాత యాంప్లిఫయర్‌లో స్పీకర్ రిలేలు: మార్చేసి, ఏళ్ళ తరబడి వాడాక

స్పీకర్ రిలే అంటే లోపలి కాయిల్‌కు కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగి, స్పీకర్‌ను యాంప్లిఫయర్‌కు కలిపే స్విచ్. దాన్ని కొనేటప్పుడు ఎక్కువమంది మొదట చూసేది దాని మీద రాసి ఉన్న యాంపుల అంకె. పది యాంపులది దొరుకుతుంటే ఐదు యాంపులది ఎందుకు అనుకుంటారు. ఇంట్లో పాటలు వినే యాంప్లిఫయర్‌కు ఈ లెక్క పనికిరాదు. 1970లు, 80ల నాటి స్టీరియో యాంప్లిఫయర్లలో రకరకాల రిలేలు వేసి, ఏళ్ళ తరబడి వాటితోనే విన్నాక నేను తేల్చుకున్నది ఇదే: ఎక్కువ కరెంటుకు కాలిపోయే రిలేల కంటే తక్కువ సౌండులో మొరాయించే రిలేలే ఎక్కువ. కాబట్టి ఎంచుకోవడం కూడా ఆ వైపు నుంచే మొదలుపెట్టాలి.

యాంప్లిఫయర్ ఆన్ చేశాక మూడు నుంచి ఎనిమిది సెకన్లలో టక్కుమని వినిపించేది ఈ రిలేనే. ఆన్ చేసిన క్షణంలో వచ్చే దెబ్బను స్పీకర్ దాకా పోనివ్వదు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి డీసీ వస్తే స్పీకర్‌ను విడదీస్తుంది. లోపల ఒకదానికొకటి ఆని కరెంటును కలిపే బిళ్ళలను కాంటాక్టులు అంటారు, అవి వెండివి, లేదా వెండి మిశ్రమానివి. గాలిలోని గంధకానికి వెండి గిన్నె నల్లబడ్డట్టే ఇవీ నల్లబడతాయి. ఆ పొరను చీల్చుకుని కరెంటు పారాలంటే కాస్త వోల్టేజి కావాలి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఒక వాట్ వెళ్తున్నప్పుడు 2.8 వోల్టులు ఉంటాయి. రాత్రిపూట మెల్లగా వినే 10 మిల్లీవాట్ల దగ్గర ఉండేది 0.28 వోల్టులు, 35 మిల్లీయాంపులు మాత్రమే. అంత తక్కువ వోల్టేజికి పొర చీలదు. ఒక చానల్ మాయమవుతుంది, లేదా గరగరమంటూ సన్నగా వస్తుంది. వాల్యూమ్ ఒక్కసారి గట్టిగా పెంచితే ఠక్కున బాగవుతుంది, తగ్గించాక కూడా కాసేపు బాగానే ఉంటుంది. మళ్ళీ మర్నాడు ఆన్ చేస్తే అదే కథ.

తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో దీనికి సంబంధించిన అంకె ఒకటి ఉంటుంది, చాలామంది దాని మీదుగా దాటిపోతారు. కనీస లోడ్ అనే వరుస అది, కాంటాక్టు నమ్మకంగా కలవాలంటే కనీసం ఎంత కరెంటు పారాలో చెబుతుంది. ఒమ్రాన్ కంపెనీ రిలేలనే తీసుకుంటే, ఎల్‌వై2కి 5 వోల్టుల దగ్గర 100 మిల్లీయాంపులు అని ఉంటుంది. జీ2ఆర్-2కి 10 మిల్లీయాంపులు, ఎంవై2కి 1 మిల్లీయాంపు. మూడూ మంచి రిలేలే. కానీ ఎల్‌వై2ను తయారుచేసింది మోటార్లు, హీటర్ల వంటి బరువైన లోడ్ల కోసం. ఆన్ చేసిన ప్రతిసారీ చిన్న స్పార్కు వచ్చి పొర కాలిపోతూ ఉంటేనే దాని కాంటాక్టులు శుభ్రంగా ఉంటాయి. స్పీకర్ రిలే ఎప్పుడూ మూసుకునేది నిశ్శబ్దంలో. దాన్ని శుభ్రం చేసే స్పార్కు ఏదీ ఉండదు.

రిలే మీదికి వెళ్ళే ముందు తప్పు దానిదేనని తేల్చుకోవాలి. టేప్ మానిటర్ స్విచ్, వాల్యూమ్ కంట్రోల్, స్పీకర్ ఏ/బీ స్విచ్ అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తాయి. ఒక్కో స్విచ్‌ను పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూడండి. కదిపినప్పుడే సౌండు వచ్చిపోతుంటే అది స్విచ్ గొడవ. ఖచ్చితమైన పరీక్ష మాత్రం మీటరుతోనే. స్పీకర్ బదులు 8 ఓమ్‌ల 20 వాట్ల రెసిస్టర్ తగిలించి, 50 హెర్ట్జ్ సైన్ సిగ్నల్ ఇవ్వండి. మామూలు మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఏసీని సరిగా చూపించవు కాబట్టి 50 హెర్ట్జే మేలు. మీటరును ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, రెండు ప్రోబులనూ రిలే కామన్ పిన్ను, నార్మల్లీ ఓపెన్ పిన్నుల (రిలే మూసుకున్నప్పుడు ఒకదానితో ఒకటి కలిసేవి) మీద ఆనించండి. రెసిస్టర్ మీద 8 వోల్టులు ఉంటే పారుతున్నది ఒక యాంపు. అప్పుడు మీటరు ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే కాంటాక్టు నిరోధం అన్ని మిల్లీఓమ్‌లు.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు తక్కువ వాల్యూమ్‌లో, రెసిస్టర్ మీద 0.28 వోల్టులు ఉండగా కొలవాలి, ఆ తర్వాతే పెంచాలి. మొదటే 8 వోల్టులు పెడితే పొర చీలిపోయి, చెడ్డ రిలే కూడా మంచిదానిలా కనిపిస్తుంది. బాగున్న కాంటాక్టు 35 మిల్లీయాంపుల దగ్గర ఒక మిల్లీవోల్టు అటూ ఇటూగా చూపిస్తుంది. 20, 50 మిల్లీవోల్టులు కనిపిస్తూ, రిలేను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే అంకె గెంతుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

శుభ్రం చేస్తే సరిపోదా అని అడుగుతారు. మూత ఊడే రకమైతే చేయొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మందపాటి తెల్ల కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మూసి, లాగాలి. నల్ల చార రాకుండా పోయేదాకా అలా చేసి, చివర్లో పొడి కాగితంతో లాగాలి. సాండ్‌పేపర్ వాడకండి. దాని గీతల్లో మురికి ఇంకా త్వరగా పేరుకుంటుంది, పూత ఉన్న కాంటాక్టయితే ఆ పూతే పోతుంది. ఇలా శుభ్రం చేసినవి కొన్ని నెలలు బాగా పనిచేసి మళ్ళీ మొదటికొస్తాయి. అరిగిన రిలేను విప్పి భూతద్దంతో చూస్తే కారణం తెలుస్తుంది: కాంటాక్టు మధ్యలో బూడిద రంగు గుంట, దాని చుట్టూ నల్లటి వలయం, అంచున మాత్రమే మెరుపు. రెండు గుంటలు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. కాగితం ఆ గుంటలోకి దిగదు. కాబట్టి శుభ్రం చేయడం రోగ నిర్ధారణకు మంచి దారి, మరమ్మతుగా మాత్రం తాత్కాలికమే.

కొత్త రిలే ఎంచుకునేటప్పుడు తప్పులు జరిగేది కాయిల్ దగ్గర. వోల్టేజి ఒకటైతే చాలదు, నిరోధం కూడా చూడాలి. పాత యాంప్లిఫయర్లలో 24 వోల్టుల రిలేను పవర్ సప్లై నుంచి వరుసలో ఒక రెసిస్టర్ పెట్టి నడపడం మామూలు. ఉదాహరణకు సప్లై 50 వోల్టులు, పాత కాయిల్ 650 ఓమ్‌లు అనుకోండి. కాయిల్‌కు కావలసింది 37 మిల్లీయాంపులు, వరుస రెసిస్టర్ సుమారు 700 ఓమ్‌లు ఉంటుంది. ఇప్పుడు అందులో 1100 ఓమ్‌ల కాయిల్ ఉన్న జీ2ఆర్-2 వేస్తే కరెంటు దాదాపు 28 మిల్లీయాంపులకు తగ్గి, కాయిల్ మీద 24కు బదులు 30 వోల్టులు పడతాయి. పనిచేస్తుంది, కానీ గంటల తరబడి వేడెక్కుతూనే ఉంటుంది. మందు రెండు రకాలు. కాయిల్‌కు సమాంతరంగా 1.5 కిలోఓమ్, ఒక వాట్ రెసిస్టర్ కలిపితే మొత్తం మళ్ళీ 650 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది. లేదా వరుస రెసిస్టర్‌నే 1.2 కిలోఓమ్, 2 వాట్లకు మార్చాలి. నాకు రెండోదే నచ్చుతుంది, మొత్తం వేడి తగ్గుతుంది. రిలేను నడిపేది యూపీసీ1237, టీఏ7317 వంటి ప్రొటెక్షన్ ఐసీ అయినా, విడి ట్రాన్సిస్టర్ అయినా లెక్క ఇదే.

లోపలే డయోడ్ గానీ ఎల్ఈడీ గానీ ఉన్న రకాలు కొనకండి. వాటి కాయిల్‌కు ప్లస్, మైనస్ ఉంటాయి. డయోడ్ ఉన్నదాన్ని తిరగేసి వేస్తే అదే షార్టయి డ్రైవర్ పోతుంది. బోర్డు మీద కాయిల్‌కు అడ్డంగా ఉండే డయోడ్‌ను ఎలాగూ ఒకసారి పరీక్షించండి, దాని గీత ప్లస్ వైపు ఉండాలి.

ఇక రకాల వారీగా నా అనుభవం. ఎంవై2 తరహా పారదర్శక మూత రిలే తక్కువ సౌండులో మొదటి నుంచీ శుభ్రంగా పలికింది. లోపలికి కనిపిస్తుంది కాబట్టి అరుగుదల చూసుకోవచ్చు, అదే దాని పెద్ద సుగుణం. లోపం కూడా ఆ మూతే, అది గాలిని ఆపదు. సిగరెట్ పొగ, వంటింటి ఆవిరి ఉన్న గదుల్లో ఇదే అన్నిటికంటే ముందు నల్లబడుతుంది. జీ2ఆర్-2, ఇంకా ఫైండర్ 40.52, ష్రాక్ ఆర్‌టీ424024 వంటి 5-8 యాంపుల రెండు పోల్ (ఒక్కో చానల్‌కు ఒక కాంటాక్టు జత ఉన్న) రిలేలు చిన్నవి, కాయిల్ తక్కువ కరెంటు తాగుతుంది. పూర్తిగా సీల్ చేసిన వెర్షన్ దొరికితే నా ఓటు దానికే. బంగారు పూత ఉన్నవి సౌండు ఎప్పుడూ పెంచని చిన్న యాంప్లిఫయర్‌కు అద్భుతం. పెద్ద వాట్ల యాంప్లిఫయర్‌లో ఆ పూత త్వరగా పోతుంది, తర్వాత మిగిలేది మామూలు వెండే. పేరూ ఊరూ లేని చవక రిలేల జోలికి మాత్రం పోకండి. కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడే రెండు పోళ్ళ నిరోధం ఒకలా లేనివి చూశాను.

బిగించే పనిలో ఓపిక కావాలి. ప్లగ్ తీసేశాక ఫిల్టర్ కెపాసిటర్లను 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. 15,000 మైక్రోఫారడ్‌కు నిమిషంన్నర పట్టించి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం మానండి. అప్పటి బోర్డులు చాలావరకు గోధుమరంగు ఫినాలిక్‌వి, రాగి పట్టీ కాస్త ఎక్కువ వేడికే లేచిపోతుంది. ముందు ప్రతి పిన్ను మీద ఫ్లక్స్ పూసి కొత్త లెడ్ (సోల్డర్) కరిగించండి, పాతది దాంతో కలిసి సులువుగా వదులుతుంది. తర్వాత పంపుతోనో రాగి జాలుతోనో తీయండి. అన్ని పిన్నులూ రంధ్రాల్లో వదులుగా కదులుతున్నాయని చూసేదాకా రిలేను లాగకండి. పిన్నులు కలవకపోతే కొత్త రంధ్రాలు చేయడం కంటే చిన్న అడాప్టర్ బోర్డు వేయడం, లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో కలపడం మంచిది. సాకెట్ వాడొద్దన్నదే నా సలహా. కాంటాక్టు సమస్య తీర్చడానికి వచ్చి ఇంకో జత కాంటాక్టులు చేర్చినట్టవుతుంది. రిలే దగ్గర సిలికోన్ గ్రీజు, సిలికోన్ స్ప్రే కూడా వద్దు. దాని ఆవిరి స్పార్కుకు కాలి కాంటాక్టు మీద ఇసుకలాంటి పొర కడుతుంది, దాని గుండా కరెంటు పారదు.

అదే చేత్తో ప్రొటెక్షన్ బోర్డులోని చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా మార్చేయండి. అవి ఎండిపోతే ఆలస్యం తగ్గిపోవడం, రిలే టకటకలాడటం జరుగుతాయి, నింద రిలే మీద పడుతుంది. డీసీని కనిపెట్టే చోట పోలారిటీ లేని కెపాసిటర్ ఉంటే అదే రకం వేయాలి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కు వరుసలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారాలి. తర్వాత బల్బు తీసి, స్పీకర్లు లేకుండానే రిలేకు ముందు డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. రిలే అసలు పడకపోతే, అంటే టక్కుమని మూసుకోకపోతే, కొత్త రిలేను అనుమానించే ముందు ఈ డీసీనే చూడాలి, అది వోల్టుల్లో ఉంటే రిలే తన పని చేస్తున్నట్టే. ప్రొటెక్షన్ నిజంగా స్పందిస్తుందో లేదో తెలియాలంటే, యాంప్లిఫయర్ ఆఫ్ చేసి, ఔట్‌పుట్ నుంచి డిటెక్టర్‌కు (డీసీని కనిపెట్టే భాగం) వెళ్ళే రెసిస్టర్‌ను ఔట్‌పుట్ వైపు విడదీయండి. మళ్ళీ ఆన్ చేసి, రిలే పడ్డాక, ఆ కొసకు, గ్రౌండ్‌కు మధ్య 9 వోల్టుల బ్యాటరీ ఆనించండి. తిప్పి ఇంకోసారి ఆనించండి. రెండుసార్లూ రిలే విడిపోవాలి. ఒక వైపే విడిపోతే డిటెక్టర్ ట్రాన్సిస్టర్లలో ఒకటి పోయినట్టు.

పెద్ద యాంప్లిఫయర్లలో మాత్రం ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. జీ2ఆర్-2 డీసీ రేటింగ్ 30 వోల్టుల దగ్గర 5 యాంపులు. సప్లై ప్లస్ మైనస్ 60 వోల్టులున్న చోట ఔట్‌పుట్ షార్టయితే, కాంటాక్టు తెరుచుకున్నా ఆర్క్ (గాలిలోంచే కరెంటు దూకే మెరుపు) ఆగకుండా స్పీకర్ కాలే అవకాశం ఉంది. అక్కడ స్పీకర్‌ను కామన్ పిన్నుకూ, నార్మల్లీ క్లోజ్డ్ పిన్నును (రిలే విడిపోయినప్పుడు కామన్‌తో కలిసేది) గ్రౌండ్‌కూ కలిపితే ఆర్క్ గ్రౌండ్‌లోకి మళ్ళి ఫ్యూజు పోతుంది, స్పీకర్ బతుకుతుంది. ఇంకా ముందుకెళ్ళాలంటే ఎదురెదురుగా పెట్టిన రెండు మాస్‌ఫెట్‌ల (ఒక రకం ట్రాన్సిస్టర్లు) సాలిడ్ స్టేట్ రిలే ఉంది. సప్లైకి దాదాపు రెట్టింపు వోల్టేజి తట్టుకునే మాస్‌ఫెట్‌లు, గేట్‌ను వేరుగా నడిపే వీఓఎం1271 వంటి ఫోటోవోల్టాయిక్ డ్రైవర్ కావాలి. కాంటాక్టే లేదు కాబట్టి తక్కువ సౌండు సమస్య మొదలే కాదు. అయితే మాస్‌ఫెట్ చెడితే చాలాసార్లు షార్టయ్యే చెడుతుంది, కాబట్టి పైన చెప్పిన 9 వోల్టుల పరీక్షను దీనికి ఏడాదికోసారైనా చేయాలి. ఈసారి స్పీకర్ బదులు 8 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని మీద సిగ్నల్ నిజంగా ఆగిపోయిందో లేదో మీటరుతో చూడండి, ఎందుకంటే ఇందులో టక్కుమనే చప్పుడు ఉండదు.