సొంత మూలుగతో మోకాలికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: ఐదుకు రెండు మార్కులు

మోకాలి గుజ్జు అరిగిందంటే చాలు, "మీ మూలుగే తీసి మీకే ఎక్కిస్తాం, గుజ్జు మళ్లీ వస్తుంది" అంటున్నారు కొన్ని క్లినిక్‌లలో. మొదటి ముక్క నిజం. రెండోదానికి ఆధారం లేదు.

బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముక వెనక అంచున మత్తిచ్చి, దాదాపు 60 మి.లీ. మూలుగ లాగుతారు. గడ్డకట్టకుండా సిరంజిలో ముందే హెపారిన్ లాంటి మందు ఉండాలి. సెంట్రిఫ్యూజ్‌లో ఓ పావుగంట తిప్పితే మిగిలే 7-10 మి.లీ. చిక్కటి ద్రవాన్ని అదే రోజు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కీలులోకి ఎక్కిస్తారు.

డాక్టరు చేతి పనితనం మూలుగ తీసే తీరులోనే తెలిసిపోతుంది. ఒకే చోట సిరంజి నిండా లాగితే వచ్చేది చాలావరకు మామూలు రక్తమే. సూది చోటు మారుస్తూ, ఒక్కో చోట రెండు మూడు మి.లీ. చొప్పున తీయాలి. నొప్పి తెలియకూడదని మత్తుమందును కీలులోకే ఎక్కించడం ఇంకో పెద్ద తప్పు. అది గుజ్జునూ, ఎక్కించిన కణాలనూ దెబ్బతీస్తుంది. మోకాలి దగ్గర మత్తు కీలు బయటే ఆగాలి.

ఇంతా చేస్తే, మూలుగలోని లక్ష కణాల్లో మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ (ఎముక, గుజ్జు కణాలుగా మారగల మూలకణాలు) ఒకటి నుంచి పది వరకే. "కోట్ల స్టెమ్ సెల్స్" అన్నారంటే తెల్లకణాలన్నీ కలిపి లెక్కేసినట్టే.

2017లో వెలువడిన అమెరికాలోని మేయో క్లినిక్ అధ్యయనంలో 25 మందికి ఒక మోకాలిలో మూలుగ, రెండోదానిలో సెలైన్ ఎక్కించారు. రెండిట్లోనూ నొప్పి తగ్గింది, రెండూ సమానంగానే! 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన 480 మంది ట్రయల్‌లో ఏడాది తిరిగాక చూస్తే, చవకైన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే ఇది మెరుగని తేలలేదు. ఎంఆర్ఐలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మన దేశంలో 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ కణాల మార్పిడికి తప్ప, అనుమతి లేని స్టెమ్ సెల్ వాడకమంతా ట్రయల్ కిందికే వస్తుంది. ట్రయల్‌కు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. 2022లో మోకాళ్లకు అనుమతి వచ్చిన స్టెంప్యూసెల్ అనే మందును చూపించి "ఇదీ అదే" అంటే ఒప్పుకోవద్దు. అది దాతల మూలుగ నుంచి ల్యాబ్‌లో పెంచిన కణాలతో చేసిన మందు.

ఎక్స్‌రేలో గ్రేడ్ 4 అని ఉండి, ఎముకకు ఎముక ఆనుతుంటే ఈ సూది జోలికే పోవద్దు. అరుగుదల అంతకంటే తక్కువగా ఉన్న గ్రేడ్ 2, 3 వాళ్లు ముందు మూడు నెలలు ఫిజియో దగ్గర తొడ కండరాల వ్యాయామం చేసి చూడండి.