నెల్లూరులో ఉమ్మడి రీసెర్చ్ ల్యాబ్: మూడున్నరేళ్లు వాడాక

ఒంగోలులో మా డిపార్ట్‌మెంట్‌కు మైక్రోస్కోపు, చిన్న సెంట్రిఫ్యూజ్ తప్ప ఏమీ లేవు. అందుకే పీహెచ్‌డీ పనంతా నెల్లూరులో ఒక కాలేజీ వాళ్ల సెంట్రల్ ల్యాబ్‌లోనే. కనిగిరి వైపు పల్లెల్లో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల రక్తం తీసి, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేసి, ఐస్ డబ్బాతో పొద్దున పినాకిని రైలు ఎక్కేదాన్ని.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒక్కదాని కోసమైనా ఇక్కడికి రావచ్చు. మే నెలలో కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుంది. తలుపు ఎవరు ఎప్పుడు తీశారో రాయడానికి పక్కనే రిజిస్టరు. మొదట్లో చాదస్తం అనుకున్నా. ఎవరో తలుపు సరిగ్గా వేయక అలారం మోగిన రోజు, ఫోన్ ఎవరికి చెయ్యాలో ఆ రిజిస్టరే చెప్పింది.

ఎలైసా (సీరంలో ప్రొటీన్ లాంటివి ఎంతున్నాయో రంగుతో కొలిచే పరీక్ష) దగ్గర మాత్రం నాకు బాగా తగిలింది. రెండో ఏడు, వెల్స్ అనే చిన్న గుంటలుండే ఒక ప్లేట్‌లో, చర్యను ఆపే స్టాప్ సొల్యూషన్ వెయ్యగానే నీలం పసుపయింది, అంతవరకు మామూలే. కానీ ఎఫ్ వరసలో పన్నెండు వెల్సూ ఒకే ముదురు పసుపు. పేషెంట్లలో ఇంత తేడానా అని సంబరపడ్డాను కూడా! టెక్నీషియన్ గారు ప్లేట్ వెలుగుకి ఎత్తి చూశారు. "మీ సీరం కాదు మేడం, పల్చటి స్టాండర్డ్ కూడా అదే రంగు చూడండి. వాషర్ ముక్కు మూసుకుపోయింది." స్టాండర్డ్ అంటే ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం, పల్చటిదైతే రంగు లేతగా రావాలి. వాషర్ వెల్స్‌ని కడిగే మిషన్, దానికి వరసకో ముక్కు. ముందురోజు ఎవరో వాడి, చివర్లో డిస్టిల్డ్ వాటర్ పోయించలేదు. బఫర్‌లో ఉప్పు గడ్డకట్టింది. ఆయన సన్నటి సూదితో పొడిచి తీశారు.

రన్ చార్జీ మాఫీ చేశారు. కిట్ డబ్బులు? అవి నావే. అడిగితే రూల్ లేదన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. మిషన్ వాళ్లది, తప్పు ఇంకెవరిదో, నష్టం మాత్రం పేషెంట్ల ఇళ్లకు తిరిగి సీరం పోగుచేసుకున్న నాది.

రియల్ టైమ్ పీసీఆర్ (డీఎన్ఏని కాపీ చేస్తూ కొలిచే మిషన్) బాగుంది, పిపెట్‌కి తొడిగే టిప్స్ మాత్రం మనవే తెచ్చుకోవాలి. కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. పాడైతే ఇంజనీరు చెన్నై నుంచి రావాలి, ఈలోగా థీసిస్ గడువు దాటిపోతుంది.

స్లాట్ అడిగేటప్పుడు మిషన్ ఖాళీయా అని కాక, ఆ టెక్నీషియన్ గారు ఉంటారా అని అడగండి. నేనయితే కిట్ తెరవకముందే పాత ప్లేట్‌లో వాషర్‌తో నీళ్లు పోయిస్తాను. ఎనిమిది ముక్కుల కింద ఎనిమిది వెల్సూ సమంగా నిండాయా, మళ్లీ సమంగా ఖాళీ అయ్యాయా చూసి, అప్పుడే సీల్ చింపుతాను. దీనివల్ల తిరుగు పినాకిని తప్పిన రోజులున్నాయి. బస్సుంది.