సూర్యారావుపేట ఫెర్టిలిటీ సెంటర్: డాక్టర్‌కి ఐదు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి

మేడం గారికి వంక పెట్టడానికి లేదండి. మాకు నెల తప్పడం, మళ్ళీ పోవడం, ఇదే వరస, ఇంతకుముందు చూపించిన చోట టెస్టులన్నీ మా ఆవిడకే రాశారు, నాకు ఒక్క సెమెన్ ఎనాలసిస్ (వీర్య పరీక్ష) చేసి కౌంట్ బాగుంది కదలిక బాగుంది అని పంపేశారు, ఇంక ఇంట్లో మాటలన్నీ ఎవరి మీదకి పోతాయో చెప్పక్కర్లేదుగా. ఈ మేడం ఫైలంతా తిరగేసి, కౌంట్ బాగున్నా వీర్యకణం లోపల డీఎన్ఏ తెగి ఉండొచ్చు, మామూలు రిపోర్టులో అది కనపడదు, అబార్షన్లు అవుతున్నాయి కాబట్టి డీఎఫ్ఐ (ఎంత శాతం కణాల్లో డీఎన్ఏ తెగిందో చూసే టెస్ట్) చేయిద్దాం అన్నారు. అందరికీ మొదటే రాసే టెస్ట్ కాదని కూడా ఆవిడే చెప్పారు.

నాకు 30 శాతం దాటి వచ్చింది. 15 లోపుంటే మంచిదట, ల్యాబ్ పద్ధతిని బట్టి కొంచెం మారుద్దట. అయితే ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) చేసేయండి అన్నాను, డబ్బు లాగే చోటైతే అప్పుడే ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టేవాళ్ళు. ఈవిడ మాత్రం కూర్చోబెట్టి చెప్పారు: డ్యామేజ్ ఎక్కువుంటే ఐయూఐకి (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడానికి) ఛాన్స్ తగ్గుద్ది, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి), ఇక్సీ విషయంలో స్టడీలన్నీ ఒకే మాట చెప్పట్లేదు, అబార్షన్ రిస్క్ మాత్రం ఎక్కువే కనపడుతోంది, కొంత డ్యామేజీని అండమే బాగు చేసుకుంటుంది గానీ ఆడవాళ్ళ వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుద్దని. నాకు స్కాన్‌లో వేరికోసీల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) బయటపడింది. సిగరెట్లు బంద్. నాది ఆటోనగర్‌లో వెల్డింగ్ పని, మే నెలలో రేకుల షెడ్డు కింద ఎలా ఉంటదో బెజవాడ వాళ్ళకి తెలుసు, ఆ వేడి కూడా మంచిది కాదన్నారు. కొత్త కణాలు తయారవ్వడానికి దాదాపు రెండున్నర నెలలు పడుద్ది కాబట్టి మళ్ళీ టెస్ట్ మూడు నెలలకే, ఈలోపు యాంటీఆక్సిడెంట్ మాత్రలు బస్తాలకొద్దీ కొనొద్దు, వాటికి గట్టి రుజువు లేదన్నారు. కింద మెడికల్ షాపతను ఇది వింటే ఏమైపోతాడో!

ఇక కౌంటర్. హాల్లో అంతమంది ఉండగా "శాంపిల్ ఇచ్చేది మీరేనా" అని అరుపు ఏంటండీ అసలు. శాంపిల్ రూమ్ బిల్లింగ్ పక్కనే, గడియ సరిగ్గా పడదు. శాంపిల్‌కి ముందు వీర్యం పోకుండా ఎన్ని రోజులు ఆగి రావాలి అంటే ఎన్నైనా పర్లేదు అన్నారు, మేడం గారేమో 2 నుంచి 7 రోజుల మధ్యే రావాలి, ఎక్కువ రోజులు ఆగితే డీఎఫ్ఐ పెరుగుద్ది, రెండోసారి కూడా అన్నే రోజులు ఆగి రమ్మన్నారు. ఆ ముక్క ఒక కాగితం మీద రాసి గోడకి అంటించడానికి ఏం రోగం? టెస్ట్ రేటు కూడా బిల్లు చేతికొచ్చేదాకా చెప్పరు, ముందే గట్టిగా అడగండి. బండి దూరంగా ఎక్కడన్నా పెట్టుకుని నడిచి రావడమే, ఆ సందులో జాగా దొరకదు.