రెండు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు: ప్రశ్న అడగడం ఇక్కడే వచ్చింది

నేను తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాను. దర్శనానికి వచ్చే ఉత్తరాది వాళ్లతో ఇంగ్లీషే దిక్కు. అడిగినదానికి ఎలాగో జవాబు చెప్పేదాన్ని. నేను అడగాల్సి వస్తేనే టెన్షన్. "వెన్ యు కేమ్ సార్?" అనేదాన్ని. తప్పని తెలిసేది, ఎక్కడ తప్పో తెలిసేది కాదు.

ముందు ఒకచోట చేరితే నెలంతా సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించారు. తర్వాత మా వీధి చివర మేడమీద నడిచే ఈ క్లాసులో చేరాను. ఫీజు 3,500. మొదటి రోజే మేడమ్ "నన్ను ఏదైనా అడగండి" అన్నారు. ఇరవై మందిలో ఒక్కరం కూడా సరిగా అడగలేకపోయాం.

ఆవిడ తెలుగు నుంచే మొదలుపెట్టారు. మనకు 'వచ్చాడు' చివర దీర్ఘం తీస్తే 'వచ్చాడా' అయిపోతుంది. ఆ దీర్ఘాన్ని ఏ మాటకు తగిలిస్తే దాని గురించి అడిగినట్టే: నిన్నేనా వచ్చింది, వచ్చింది వాడేనా. ఇంగ్లీషులో హెల్పింగ్ వెర్బ్ సబ్జెక్టు కన్నా ముందుకు రావాలి. "హి ఈజ్ కమింగ్" కాస్తా "ఈజ్ హి కమింగ్" అవుతుంది. హెల్పింగ్ వెర్బ్ లేకపోతే డు, డజ్, డిడ్ తెచ్చుకోవాలి. జరిగిపోయిందన్న సంగతి డిడ్ చెప్పేస్తుంది కాబట్టి కేమ్ మళ్లీ కమ్ అవుతుంది: "వెన్ డిడ్ యు కమ్?"

నాకు బాగా నచ్చిన పాఠం ఇంకొకటి. "హూ కాల్డ్ యు?" అంటే నీకు ఎవరు ఫోన్ చేశారు. "హూ డిడ్ యు కాల్?" అంటే నువ్వు ఎవరికి చేశావు. మనం కు, కి తో తేల్చేసేదాన్ని అక్కడ డిడ్ తేలుస్తుంది. ఆ రోజు ఇంటికెళ్లి మా అబ్బాయికి కూడా చెప్పాను.

ఒకసారి కౌంటర్ దగ్గర ఒకాయన "హావంట్ దే క్లీన్డ్ ద రూమ్ యెట్?" అన్నారు. అవును, ఇంకా చేయలేదు అనే ఉద్దేశంతో "యెస్" అన్నాను. ఆయన సామాను తీసుకుని పైకి వెళ్లిపోయారు! చేయలేదంటే "నో" అనాలని మేడమ్ చెప్పాకే నా పొరపాటు తెలిసింది. "కుడ్ యు టెల్ మీ వెన్ యువర్ ట్రైన్ ఈజ్?" అని మర్యాదగా అడిగేటప్పుడు ఈజ్ మళ్లీ చివరికి పోతుందని కూడా అక్కడే నేర్చుకున్నాను. రోజూ పనికొస్తోంది.

లోపాలూ ఉన్నాయి. రెండో నెలకు బ్యాచ్ 34 మంది అయ్యింది, వెనక బెంచీలకు సరిగా వినపడదు. యెస్, నో ప్రశ్నకు గొంతు చివర్లో పైకి లేవాలి, వేర్, వెన్ లాంటి వాటికి మామూలుగా కిందికి దిగాలి అన్నారు గానీ ఒక్కొక్కరితో పలికించలేదు. క్వశ్చన్ ట్యాగులు ఒక్క రోజులో ముగించారు. మన 'కదా' ఒక్కటే, అక్కడ "ఈజంట్ హి", "డిడంట్ దే" అంటూ వాక్యాన్ని బట్టి మారాలి. అన్నిటికీ "ఈజంట్ ఇట్" తగిలించే అలవాటు నాకింకా పోలేదు. దానికి మూడు రోజులైనా ఇస్తే మా రిసెప్షన్‌లో ఉన్న మిగతా ఇద్దరు అమ్మాయిలనూ చేర్పిస్తాను.