ఇంటర్నెట్ ఆర్కైవ్: పాత పుస్తకాలు వెతికేవారికి

బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఆన్‌లైన్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే చాలా పేర్లు ఆంగ్ల లిపిలో, ఎవరికి తోచినట్లు వారు నమోదు చేసినవి కావడంతో, ఒకే పుస్తకాన్ని రెండు మూడు రకాలుగా టైపు చేసి వెతకవలసి వస్తుంది. ఓపిక ఉన్నవారికి మాత్రం ఇది పెన్నిధి.

ఆర్కైవ్‌లో దెబ్బతిన్నది, కాపీరైటు ఉన్న పుస్తకాల స్కాన్ ప్రతులను కొంత గడువుకు చదువుకోవడానికిచ్చే అరువు విభాగమే. కొవిడ్ వేళ, 2020లో, ఒక ప్రతిని ఒకసారికి ఒక్కరికే ఇవ్వాలన్న నియమాన్ని సంస్థ సడలించగా (అది తొందరపాటేనని నా అభిప్రాయం), హాషెట్ సహా నాలుగు ప్రచురణ సంస్థలు న్యూయార్క్‌లో దావా వేశాయి. ఆర్కైవ్ 2023లో ఓడిపోయి, 5 లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితా నుంచి తొలగించింది. 2024 సెప్టెంబరులో అప్పీలూ నెగ్గలేదు. కాపీరైటు గడువు తీరిన తెలుగు గ్రంథాలకు ఈ తీర్పు వర్తించదు గనుక, వాటిని నిశ్చింతగా దించుకోవచ్చు.