ఏసీ వాసన పోగొడతామని 3,500 తీసుకున్నారు, ఫిల్టర్ మాత్రం ముట్టుకోలేదు. జాగ్రత్త!

కారును చెట్టు కింద పెట్టుకునేవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. నేనుండేది విజయవాడ, మీది ఏ ఊరైనా ఈ తంతు మాత్రం ఒకటే.

నాది ఆరేళ్ల హ్యాచ్‌బ్యాక్, రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వానలు మొదలయ్యాక ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు ముక్కిపోయిన వాసన. తడి బట్టలు బకెట్లో రెండ్రోజులు మర్చిపోతే వస్తుంది చూడండి, అచ్చం అదే. కాసేపటికి తగ్గేది కదా అని నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు మా అత్తగారిని స్టేషన్ నుంచి తీసుకొస్తుంటే ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఏం బాబూ, ఇందులో చేపలు గానీ తెచ్చారా" అన్నారు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం.

మర్నాడే ఓ పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. పేరు రాయను. అడ్వైజర్ కుర్రాడు డోర్ తీసి ఒక్కసారి వాసన చూసి "ఏసీ ఫుల్ ట్రీట్‌మెంట్ చేయించాలి సార్" అన్నాడు. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, నలభై నిమిషాల్లో కారు చేతికొచ్చింది, లోపల ఘాటుగా నిమ్మకాయ సెంటు వాసన. బిల్లు: డిస్‌ఇన్‌ఫెక్షన్ 1,650, గ్యాస్ టాప్‌అప్ 1,200, క్యాబిన్ ఫిల్టర్ (ఏసీ గాలిని వడకట్టేది) 650. నోరు మూసుకుని కట్టేశాను.

నాలుగో రోజుకి నిమ్మకాయ పోయి పాత కంపు మిగిలింది. ఫోన్ చేస్తే "మీరు ఏసీ ఎక్కువ వాడతారా సార్?" అని అడిగాడు. మే నుంచి అక్టోబర్ దాకా విజయవాడలో ఏసీ తక్కువ వాడేవాడు ఎవడండీ! ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు: కూలింగ్ కాయిల్ పాడైందట, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలట, 14 వేలు దాకా అవుతుందట. అక్కడ నాకు అనుమానం వచ్చింది.

ఆదివారం పొద్దున గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందకి వాలింది (చాలా కార్లలో ఇంతే, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు). వెనకాల చిన్న ప్లాస్టిక్ మూత, దాని లోపల ఫిల్టర్. తెల్లగా ఉండాల్సింది బూడిద రంగులో ఉంది. మడతల మధ్య వేపాకుల ఈనెలు, పల్లీ పొట్టు, నల్లజీలకర్ర గింజల్లా ఎలుక పెంటికలు. ఓ మూల కొరికేసి కూడా ఉంది. వారం కింద కొత్తది వేశామని బిల్లు రాసిన ఫిల్టర్ ఇది!

దాన్ని కవర్లో పెట్టుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టాను. మేనేజర్ దాని వంకా నా వంకా చూసి "మీ ఏరియాలో డస్ట్ ఎక్కువ సార్" అన్నాడు. డస్ట్ సరే, వారంలో ఎలుక సంసారం కూడా పెట్టేసిందా అని అడిగాను. గంట వాదించాక 650 తిరిగిచ్చారు. మిగతావి "చేసిన పని" అట, ఇవ్వలేదు.

ఆ చేసిన పనేంటో ఆటోనగర్లో తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్తే అర్థమైంది. ఏసీ నడిచేటప్పుడు కూలింగ్ కాయిల్ మీద చల్లటి గ్లాసుకి పట్టినట్టు నీరు పడుతుంది, అది సన్నటి డ్రెయిన్ పైపు గుండా బండి కిందకి కారిపోవాలి. నా బండిలో ఆ పైపు పూడుకుపోయింది. నీళ్లు లోపలే నిలిచి, దుమ్ముతో కలిసి బూజు పట్టాయి. ఎడమ పక్క మ్యాట్ కింద చెయ్యి పెడితే తడిగా ఉంది, నేనేమో వాన నీళ్లనుకుంటూ వచ్చాను. ఇంతా చేసి సర్వీస్ సెంటర్‌వాళ్లు కొట్టింది డ్యాష్‌బోర్డ్ మీద గాలి వచ్చే గ్రిల్స్‌లోకి స్ప్రే. అది కాయిల్ దాకా సరిగ్గా చేరదు. ఈయన ఫిల్టర్ తీసేసి, ఆ దారిలో పైపు పెట్టి ఫోమ్ కొట్టి ఇరవై నిమిషాలు వదిలేశాడు, కింద నుంచి గాలి కొట్టి పైపు క్లియర్ చేశాడు. టీ డికాక్షన్ లాంటి నీళ్లు జిగురుగా కారాయి. కొత్త ఫిల్టర్‌తో కలిపి 1,100 అయింది. కాయిల్ నిక్షేపంలా ఉంది.

గ్యాస్ గురించి కూడా చెప్పాలి. బూజు వాసనకీ గ్యాస్‌కీ ఏ సంబంధమూ లేదు. అది పెట్రోల్‌లా అయిపోయేది కాదు, చల్లదనం తగ్గితేనే దాని గురించి ఆలోచించాలి, అదీ లీక్ ఎక్కడో చూశాకే. నా ఏసీ ముందు నుంచీ బాగానే చల్లగా ఉండేది, అయినా 1,200 వదిలాయి. తప్పు నాదే, అడగాల్సింది.

ఇప్పుడు ఇల్లు మూడు నాలుగు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపి ఫ్యాన్ మాత్రం నడుపుతున్నాను, కాయిల్ ఆరుతుందని. రెండు నెలలైంది, వాసన లేదు. ఒక మాట, మీకు వచ్చేది తియ్యటి వాసనై, అద్దాలు లోపలి నుంచి జిడ్డుగా మసకబారుతుంటే అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) లీక్ కావచ్చు, ఈ ఫోమ్‌లతో పోదు. పెట్రోల్ వాసనో వైరు కాలిన వాసనో అయితే బండి పక్కకి ఆపేసి మెకానిక్‌ని అక్కడికే పిలిపించండి.

సర్వీస్‌కి ఇచ్చే ముందు ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో ఓ గీత గీసి, ఫోటో తీసి పెట్టుకోండి. పాతది నా చేతికివ్వాలి అని జాబ్ కార్డు మీద రాయించండి. నేనీసారి అలాగే ఇస్తున్నాను, వేరే చోట.